హాస్టల్ కాగితాల్లో పిన్ని

మా అమ్మకు నేనొక్కతినే ఆడపిల్లని. అయినా ఢిల్లీలో ఒక ఆడపిల్లల హాస్టల్ కాగితాల ప్రకారం నాకు శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా అక్కలున్నారు. వాళ్ళ ఇంటిపేర్లు వేరు, యాసలు వేరు, కులాలు వేరు. కొందరి ముఖాలు నేను ఇప్పటికీ చూడలేదు. ఇది తొంభైల నాటి మాట. ఇప్పుడు ట్యూషన్లు చెబుతున్న మీలాంటి పిల్లలకు ఇదంతా వింతగా ఉంటుంది. మీకు శిష్యుడి ముఖం తెరమీద తపాలా బిళ్ళంత కనిపిస్తే చాలు, పాఠం అయిపోగానే అదీ మాయమవుతుంది. మా రోజుల్లో పాఠం అయ్యాక అసలు పని మొదలయ్యేది.

నేను కరోల్ బాగ్‌లో లెక్కల ట్యూషన్లు చెప్పేదాన్ని. మావారి ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి, మొదట్లో ఇంటి ముందు గదిలో నలుగురు పిల్లలతో మొదలుపెట్టాను. అదే ఇంట్లో కింది వాటాలో ఒక పంజాబీ మాస్టారు ఫిజిక్స్ చెప్పేవాడు. అందరికీ ఆయన మాస్టర్‌జీ. పొద్దున ఆయన దగ్గర ఫిజిక్స్ చెప్పించుకున్న పిల్లలే మేడెక్కి నా దగ్గర లెక్కలు చెప్పించుకునేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆయన పాఠం నాకు పైకి వినిపించేది, నా తిట్లు ఆయనకు కిందికి వినిపించేవి.

మా పేటకు బస్సు దూరంలో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉండేది. అక్కడ ఒక నియమం. ఊరుకాని ఊరినుంచి వచ్చిన పిల్లకు ఢిల్లీలో లోకల్ గార్డియన్ అని ఒక మనిషి ఉండాలి. ఆదివారం బయటికి పంపాలన్నా, జ్వరమొస్తే కబురు పెట్టాలన్నా ఆ మనిషే దిక్కు. ఆ మనిషి దగ్గరి బంధువై కూడా ఉండాలి. ఇచ్ఛాపురం పక్క పల్లెనుంచి పిల్లను తీసుకుని వచ్చిన తల్లికి ఢిల్లీలో బంధువులెక్కడినుంచి వస్తారు? అలాంటి ఒక తల్లి, మన పచ్చళ్ళు అమ్మే కొట్టువాడు చెబితే, ట్రంకుపెట్టెతో సహా మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చింది. కాగితంలో సంబంధం ఏమిటని ఒక గడి ఉంది. అక్కడ నా కలం ఆగిపోయింది. మాస్టర్‌జీ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“మౌసీ లిఖ్ దో మేడం. బచ్చీ కో ఖానా ఖిలాఓగీ న? తో మౌసీ హీ హువీ,” అన్నాడు.

పిల్లకు అన్నం పెడతావు కదా, మరి పిన్నివే అయ్యావు అని ఆయన తర్కం. నేను పిన్ని అని రాసేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటూనే ఉండేది. కానీ ఎదురుగా ఒక తల్లి ఏడుస్తుంటే సామెతలు గుర్తుకు రావు. ఆ మరుసటేడు ఆ పిల్ల ఇంకో పిల్లను తెచ్చింది. ఆ పిల్ల ఇంకొకరిని. ప్రతి ఆదివారం మా ఇంట్లో పప్పు పెద్ద గిన్నెలోకి మారింది. లెక్కల దగ్గర నన్ను మేడం అనేవారు, అన్నం దగ్గర ఆంటీ అనేవారు, వార్డెన్ ముందు పిన్నీ అనేవారు. ఒక్క పిల్లా ఎప్పుడూ తడబడలేదు.

వాళ్ళలో ఒకమ్మాయి అనంతపురం జిల్లా పిల్ల. తండ్రి బస్సు డ్రైవరు. కూతుర్ని కాలేజీలో చేర్చి, నా దగ్గరికి తీసుకొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“కండ్లు రెండు ఇడిసిపెట్టి తక్కినదంతా మీదే మేడం. కొట్టండి, తిట్టండి. దుడుకు పనులు మాత్రం చేయనియ్యద్దు. నా బిడ్డను ఎట్ల తెచ్చి ఇచ్చినానో అట్లే నాకు తిరిగి ఇయ్యల్ల,” అన్నాడు.

సరేనని మాటిచ్చాను. ఆయన ఆ సాయంత్రమే రైలెక్కి వెళ్ళిపోయాడు. కాగితాలు తర్వాత ఆ పిల్లే తెచ్చింది. అందులో తను నాకు బావ అయిన సంగతి ఆయనకు తెలియదు.

ఆ అమ్మాయికి అన్నీ భయాలే. మా వీధిలో రోడ్డు దాటాలంటే నా కొంగు పట్టుకునేది. బస్సులో ఆడవాళ్ళ సీట్లో మగవాడు కూర్చుంటే నిలబడి ప్రయాణం చేసేది. నాకు అలాంటివి చూస్తే ఒళ్ళు మండుతుంది. లెక్కలతో పాటు ఇవీ నేర్పాను. ఆటో మీదికొచ్చేలోపు రోడ్డు ఎలా దాటాలి, సీట్లోంచి లేవమని “భయ్యా, ఉఠియే” ఏ గొంతుతో అనాలి, వెంటపడేవాడివైపు తిరిగి ఎలా చూడాలి. రెండో ఏడు వచ్చేసరికి ఒక ఆదివారం, నేను బస్‌స్టాపుకు బయల్దేరుతుండగానే, తను ఒక్కతే వచ్చి తలుపు కొట్టింది. సంతోషంతో జీడిపప్పు వేసి పాయసం చేశాను. కొంగు తేలికైనట్టుండి మనసు కాస్త చిన్నబోయిన మాట కూడా నిజమే.

ఆ పిల్ల కాలేజీలో కేడెట్ల దళంలో చేరిందని నాకు తెలుసు. కవాతు చేస్తే నడుం నిటారుగా ఉంటుందని నేనే ప్రోత్సహించాను. ఒకరోజు వాయుసేన కేడెట్ల నీలం దుస్తుల్లో వచ్చి, చేతులు కడుక్కోకుండానే అసలు మాట చెప్పింది. ఊరి నడుమ మిగిలిపోయిన పాత విమానాశ్రయంలో కేడెట్లకు గ్లైడర్ నేర్పుతారట. ఎంపికైన వాళ్ళలో తనూ ఉందట. తల్లిదండ్రులు కానీ గార్డియన్ కానీ ఒప్పుకుని సంతకం పెట్టాలట.

“మీరు పెట్టినా చాలంట ఆంటీ,” అంది.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. అన్నం గరిట నా చేతిలోనే ఉండిపోయింది. రోడ్డు దాటడానికి భయపడకూడదని రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని నేను. ఇప్పుడు భయపడిందీ నేనే. పెట్టనన్నాను. మీ నాన్నకు మాటిచ్చాను, ఆయన్ని అడగకుండా ఏదీ చెయ్యనన్నాను. అది న్యాయమైన మాటే. కానీ ఆ న్యాయం వెనక నక్కి కూర్చున్నది నా పిరికితనమని ఆ పిల్ల కళ్ళు చెప్పాయి.

ఎస్‌టీడీ బూత్ నుంచి వాళ్ళ నాన్న పనిచేసే బస్సు డిపోకు ఫోన్ చేశాను. ఆయన వచ్చి పలికాడు. అంతా విన్నాడు.

“ఇంజను ఉంటాదా దానికి?”

“ఉండదండి. గాలిమీద తేలుతుంది.”

“ఇన్నేండ్ల నుంచి బస్సు తోల్తాండా మేడం. నడిమధ్యన ఇంజను ఆగిపోతే బండి ఏమైతాదో నాకు తెలుసు. మొదట్నుంచీ ఇంజనే ల్యాని బండి నా బిడ్డను ఎక్కమంటారా? వద్దని చెప్పండి.”

చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. అన్నం తిని, కంచం కడిగి, వెళ్ళొస్తానని వెళ్ళిపోయింది. నేను కోరుకున్న జవాబే ఆయన చెప్పాడు. నాకు హాయిగా ఉండాలి. కానీ ఆ వారమంతా అత్తమీది కోపం దుత్తమీద చూపినట్టు పదో తరగతి పిల్లల మీద విరుచుకుపడ్డాను. కిందనుంచి విని మాస్టర్‌జీ మేడెక్కి వచ్చాడు.

సంగతి విని ఆయన తన పాండిత్యం విప్పాడు. ఆయనకు పాత నిఘంటువులు చదివే జబ్బు ఉండేది. ట్యూటర్ అంటే మొదట్లో పాఠం చెప్పేవాడే కాదట. తండ్రి పోయిన పిల్లలకు, వాళ్ళ ఆస్తికి కాపలా ఉండే పెద్దమనిషట. చదువు చెప్పడం తర్వాతెప్పుడో వచ్చి తగులుకుందట. ఇంకో దేశంలో పిల్లవాడి చెయ్యి పట్టుకుని బడిదాకా నడిపించడానికి ఒక నౌకరు ఉండేవాడట. అతను ఒక్క అక్షరం కూడా చెప్పడు, దారి కాస్తాడు, అంతే. గురుకులాల సంగతి నేను అందుకున్నాను. మన దగ్గర పిల్లలు గురువు ఇంట్లోనే ఉండేవారు, చదువు ఆయన చెబితే అన్నం ఆయన భార్య పెట్టేది.

“ఆప్ తో దోనోఁ హో,” అన్నాడు ఆయన, రెండూ మీరేనని. తర్వాత నవ్వు ఆపి అడిగాడు. “కాపలావాడు ఆగమంటాడు మేడం. మాస్టరు పద పద అంటాడు. ఒకే మనిషి రెండూ అయితే పిల్ల ఎవరి మాట వినాలి?”

టీ ఇచ్చి కిందికి పంపేశాను.

తర్వాతి ఆదివారం ఎంతసేపు చూసినా ఆ అమ్మాయి రాలేదు. బస్‌స్టాపుకు వెళ్ళాను. రోడ్డుకు అవతలి పక్క నిలబడి ఉంది. రమ్మని చెయ్యి ఊపాను. కదల్లేదు. నేనే దాటి వెళ్ళాను.

“మీరు చెయ్యి పట్టుకుంటేనే వస్తా ఆంటీ. నాకు భయం కదా,” అంది.

గొంతులో వెటకారం కంటే బాధే ఎక్కువ ఉంది. చెయ్యి పట్టుకునే రోడ్డు దాటించాను. ఇంటికి రాకుండా నేరుగా ఎస్‌టీడీ బూత్‌కు తీసుకుపోయాను. డిపోకు మళ్ళీ ఫోన్ చేసి ఆయనతో ఒకటే మాట చెప్పాను. “మీరు వచ్చి ఒకసారి కళ్ళతో చూడండి. చూశాక కూడా వద్దంటే నేను నోరెత్తను. చూడకుండా వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను.”

ఎస్‌టీడీ మీటరు పరుగెడుతోంది. “సెలవు పెడతా,” అని పెట్టేశాడు.

ఆయన రైలు దిగినప్పుడు చేతిలో వేయించిన చెనక్కాయల సంచి, ముఖంలో కోపం ఉన్నాయి. సంచి నాకిచ్చాడు, కోపం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ముందు హాస్టల్‌కు వెళ్ళి పిల్లను వెంటబెట్టుకుని విమానాశ్రయానికి పోవాలి. అక్కడ నా పాపం పండింది. తండ్రి స్వయంగా వచ్చాడని తెలిసి వార్డెన్ మా ముగ్గుర్నీ గదిలోకి పిలిచింది. ఆవిడకు నామీద ఎప్పటినుంచో అనుమానం. ఇంతమంది అక్కలున్న చెల్లెల్ని తన ఉద్యోగంలో చూడలేదని నా ముఖాన్నే అంది. ఇది అబద్ధమని తేలితే ఆదివారాలు నా ఇంటికి ఒక్క పిల్లను కూడా పంపనంది. నా సంతకం ఏ కాగితం మీదా చెల్లదంది. అంటే గ్లైడర్ కాగితం మీద నా సంతకమూ అంతే. తర్వాత ఆయనవైపు తిరిగింది.

“యే ఆప్ కీ పత్నీ కీ బహెన్ హైఁ?”

ఆయనకు హిందీ రాదు. “ఏమంటాది మేడం ఆమె?” అని నన్నే అడిగాడు.

ఏదో ఒకటి కల్పించి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆయన్ని కళ్ళతో చూడమని పిలిచిందే నేను. “నేను మీ ఆవిడకు చెల్లెల్నా అని అడుగుతోందండి. నేను అలాగే రాశాను. కాదంటే పిల్లల్ని ఇక నా దగ్గరికి పంపరు,” అన్నాను. కూతురు తల ఎత్తలేదు.

ఆయన నన్ను కాసేపు చూశాడు. కూతుర్ని చూశాడు. వార్డెన్‌తో “హా” అన్నాడు. అది చాలదనిపించిందేమో, నావైపు తిరిగాడు. “చెప్పు ఆమెకు. మా ఇంటిదాని చెల్లెలే. అక్కకు కోపం జాస్తి, చెల్లెలికి మొండితనం జాస్తి. ఆ పోలిక చూస్తే తెలస్తాది కదా అని చెప్పు.”

నా మొండితనం గురించి నేనే హిందీలోకి మార్చి చెప్పాను. వార్డెన్ పెదవి బిగించింది కానీ కళ్ళలో నవ్వు దాగలేదు. “ఠీక్ హై,” అని పిల్లను పంపింది.

విమానాశ్రయానికి ఆటో ఎక్కాం. తర్వాత ఆయన బయటికి చూస్తూనే, “నాకు చెప్పకనే నన్ను బావను చేసినావే,” అన్నాడు. నేను క్షమించమనేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు. “అదట్లుండనీ. మేడం మాటైతే నేను కాదనొచ్చు. మరదలి మాట కాదంటే ఇంట్లో కూడు పుట్టదు. ఇప్పుడు చెప్పు. నీ బిడ్డే అయితే పంపిస్తావా?”

మీరు అన్న మనిషి నువ్వు అంటున్నాడని అప్పుడు గమనించాను. గౌరవం తగ్గి బరువు పెరిగింది. “నాకూ భయంగానే ఉంది. అయినా పంపిస్తాను,” అన్నాను. ఆయన తల ఊపాడు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

విమానాశ్రయంలో మమ్మల్ని ఒక తాడు ఇవతలే ఆపారు. మైదానంలో సన్నటి రెక్కల గ్లైడర్ ఒకటి పక్కకు వాలి ఉంది. అక్కడి అధికారి ఒకాయన దాన్ని ఎగరేసే పద్ధతి వివరించాడు. మైదానం అవతలి చివర ఒక పెద్ద మోటారు ఉంటుంది. అది ఉక్కుతాడును చరచరా చుట్టేస్తుంటే గ్లైడర్ గాలిపటంలా పైకి లేస్తుంది. పైకి చేరాక తాడు ఊడిపోతుంది. వెనక సీట్లో నేర్పే ఆయన ఉంటాడు. నేను తెలుగులో చెబుతుంటే డ్రైవరుగారి ముఖం మొదటిసారి విచ్చుకుంది.

“ఇంజను ల్యాదంటివే. ఉండాది, నేలమీద ఉండాది. దాన్ని తోలేది ఎవరు?”

ఆ మోటారు నడిపే ఆయన్ని చూస్తానన్నాడు. అధికారి మంచివాడు, దూరంనుంచి చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. అక్కడ ఒక హర్యానా మనిషి ఉన్నాడు. అతనికి తెలుగు రాదు, ఈయనకు హిందీ రాదు. క్లచ్, గేరు, బ్రేకు అన్న మాటలతోనే ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈయన గుప్పిట బిగించి ఒక్కసారిగా లాగి చూపించాడు. అతను కాదని తలూపి, మెల్లగా, ఇంకా మెల్లగా లాగి చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు, “పనోడే,” అన్నాడు నాతో. బస్సు డ్రైవరు ఇంకో డ్రైవరుకు ఇంతకంటే పెద్ద కితాబివ్వడు.

తాడు దగ్గర నిలబడి ఇంకో కేడెట్ ఎగరడం చూశాం. అప్పుడు ఆయన ఒకటి గమనించాడు. గ్లైడర్‌కు ఒకటే చక్రం. ఆగి ఉంటే ఏదో ఒక పక్కకు వాలిపోతుంది. అందుకని ఒక కేడెట్ రెక్క కొసను చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. బండి కదలగానే దాంతోపాటు పరుగెత్తాడు. నాలుగు అంగలు వేశాడో లేదో వదిలేశాడు.

“రోంత దూరమే ఉరికినాడే. పట్టుకోకపోతే ఏమైతాది?”

“రెక్క నేలకు రాసుకుంటుందండి.”

“ఇడిసిపెట్టకపోతే?”

నేను అధికారిని అడగబోయాను. డ్రైవరుగారు వద్దన్నట్టు చెయ్యి చూపాడు. జవాబు తెలిసే అడిగాడు.

సంతకం కాగితం ఆయన చేతికిచ్చాను. నాకే తిరిగిచ్చాడు. “నేను రేపు రైలెక్కి పోతా. ఈడ ఉండేది నువ్వు. నువ్వే పెట్టు,” అన్నాడు. అందులోనూ సంబంధం ఏమిటని ఒక గడి ఉంది. పొద్దుటి దెబ్బకు బుద్ధొచ్చి టీచర్ అని రాయబోయాను. పక్కనుంచి చూస్తున్నాడు. “పిన్ని అనే రాయి. ఆమె ముందర ఒప్పుకుంటిమి కదా. పూటకొక మాట చెప్తే ఎట్ల?” అన్నాడు. అలాగే రాశాను. ఈసారి కలం ఆగలేదు.

తర్వాత ఆ అమ్మాయి పైలట్ అయిందా అని మీరు అడుగుతారు. కాలేదు. ఇప్పుడు గురుగ్రామ్‌లో పిల్లలకు లెక్కలు చెబుతోంది, నాకంటే గట్టిగా తిడుతుందని విన్నాను. మొన్న ఫోన్ చేసి ఎవరో బీహారీ పిల్లకు తను మౌసీ అయ్యానని చెప్పింది. ఏ గడిలో రాశావని నేను అడగలేదు. మాస్టర్‌జీ లేడు. ఉంటే ఆయన ప్రశ్నకు నేను ఇప్పుడైనా జవాబు చెప్పేదాన్నేమో. కాపలాదారూ మాస్టరూ ఇద్దరూ అవసరమే, ఎవరు ఎప్పటిదాకా అన్నదే చిక్కు. ఆ లెక్క నాకు ఏ పిల్ల దగ్గరా ఒకే విధంగా రాలేదు. మీకూ రాదు, ముందే చెబుతున్నాను.

ఆ సాయంత్రం, తండ్రి దూరంనుంచి వచ్చాడని, చివరి వంతు ఆ పిల్లకే ఇచ్చారు. పట్టీలు బిగించాక మావైపు చూసి చెయ్యి ఊపింది. కేడెట్ కుర్రాడు రెక్క ఎత్తి పట్టుకున్నాడు. దూరంగా మోటారు అందుకుంది, తాడు బిగిసింది, గ్లైడర్ కదిలింది. కుర్రాడు పరుగు తీశాడు. నా పక్కన చప్పుడైతే తిరిగి చూశాను. డ్రైవరుగారు మమ్మల్ని ఆపిన తాడు వెంబడే పరుగెడుతున్నాడు. కుడిచెయ్యి పక్కకు చాచి, ఖాళీ గుప్పిట పైకెత్తి పట్టుకుని నాలుగు అంగలు వేసి ఆగిపోయాడు.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయనకు ఆయాసంగా ఉంది. కళ్ళు పైనే ఉన్నాయి, నీళ్ళు నిండి ఏమీ కనిపిస్తున్నట్టు లేదు.

“ఇడిసిపెట్టినాడా?” అన్నాడు.

“విడిచిపెట్టేశాడు బావగారూ. పైకి పోయింది,” అన్నాను.